ఒళ్ళో పెట్టిన కాలు

పుదుచ్చేరిలో దేవినా అప్పన్న అనే మారిషస్ పిల్లకు నర్సుగా పనిచేసే హక్కు తెచ్చిపెట్టింది ఎవరనుకున్నారు? నా కుడికాలు. నవ్వకండి. బొటనవేలి కింద ఆనెకాయ, మడమ చుట్టూ పగుళ్ళు, ఏనాటిదో షుగరు వ్యాధి ఉన్న ఈ కాలే. దీనికున్న తెలివితేటలు దీని యజమానికి లేవని మా ఆవిడ బతికున్నన్నాళ్ళూ అంటూనే ఉండేది. పెద్ద పెద్ద ఆఫీసులు నెలల తరబడి తేల్చలేని వ్యవహారాన్ని ఈ కాలు ఒక పథకం వేసి ఒక్క పూటలో తేల్చేసింది. ఆ వైనం చెబుతాను. ఒక్క ముక్క కల్పించను. కథలో నేను నేనుగా తిరిగితే సొంత డబ్బా అంటారు గనుక, వీరాసామి అనే మూడో మనిషినై ఓ పక్కన కూర్చుంటాను. నా పేరు ఎటూ అదే. కథ మాత్రం ఆ పిల్లది. ఏ పూట ఆమె మనసులో ఏముందో తరవాత ఆమె నోట విన్నదే.

మంగళవారం పొద్దున సారం పేటలోని షుగర్ క్లినిక్కులో పాదాల గది తలుపు తీసేసరికే బయట బెంచీ నిండిపోయింది. దేవినా గోధుమరంగు కోటు గుండీలు పెట్టుకుని, బకెట్లో నీళ్ళను మోచేత్తో తాకి చూసింది. వేళ్ళకు వేడి అలవాటైపోతుంది, మోచెయ్యి మోసపోదు. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. ఈ క్లినిక్కులో నర్సులకు తెల్లకోటు, ఊడ్చి తుడిచే హెల్పర్లకు గోధుమరంగు కోటు. మారిషస్‌లో నర్సింగు చదివి, షుగరు రోగుల పాదాల పని ఫ్రాన్సులో నేర్చి, తమ దేశంలో ఓ వార్డునే నడిపి వచ్చిన దేవినా ఇక్కడ చేరిన నాటి నుంచీ గోధుమరంగు కోటులోనే ఉంది.

"మూడో టోకెన్!" అని కేకవేసింది ప్రీతిక. తెల్లకోటు ఆ పిల్లది. నిరుడే నర్సింగు ముగించుకుని వచ్చింది.

వీరాసామి చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. దేవినా మొదట అతని కాలి వంక చూడలేదు. వంగి, విడిచిన చెప్పుల్లో చెయ్యిపెట్టి తడిమింది. లోపల్నుంచి ఒక చింతగింజ తీసి అతని ముందు పట్టుకుంది.

"దీని మీద ఎంతసేపు నడిచారు తాతగారూ?"

"అదెప్పుడు దూరిందో తెల్దు పాపా. కాలు మొద్దుబారినాక చింతగింజైతే ఏంది, చింతచెట్టైతే ఏంది?"

"దయచేసి మీ పాదాన్ని ఇక్కడ ఉంచండి."

"అబ్బబ్బ, ఏం తెలుగు పాపా నీది! రేడియోలో వార్తలు సదివినట్టుండాది. మా ఇండ్లల్లో అందరం మాట్లాడతాం, ఒకరికీ సదవను రాదు. నువ్వేమో పుస్తకాన్ని మింగేసి వచ్చినావు."

దేవినా నవ్వింది. వాళ్ళ ఊరి బళ్ళో తెలుగు పుస్తకంలోనే ఉండేది, ఇంట్లో మాట్లాడేది క్రియోలు భాష. పొట్టి పీట మీద కూర్చుని మోకాళ్ళ మీద తువ్వాలు పరుచుకుంది. ఇనుప స్టాండు ఒకటి గది మధ్యలో ఉంది, దాని మీద కాలు పెట్టించుకుని నిలబడి కట్టు కట్టొచ్చు. కానీ స్టాండు మీద పెట్టిన కాలికి అరికాలు కనబడదు. ఒళ్ళో పెట్టుకుంటే పాదాన్ని ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు; చర్మం ఎక్కడ వేడిగా ఉందో, ఎక్కడ చల్లబడిందో తొడకే తెలిసిపోతుంది.

వేళ్ళ సందుల్లో తడి ఒత్తి, బ్లేడును చర్మానికి దాదాపు సమాంతరంగా పట్టుకుని ఆనెకాయను పొరలు పొరలుగా చెక్కసాగింది. ఉల్లిపొరల్లాంటి ముక్కలు తువ్వాలు మీద రాలుతున్నాయి. వీరాసామి పైకప్పు వంక చూస్తూ కథ అందుకున్నాడు.

"మిల్లులో ఉన్నప్పుడు ఈ కాలితోనే లోడు లారీని ఆపినా, తెలుసా?"

"నిజంగా ఆగిందా?"

"ఆగింది. డ్రైవరు బ్రేకు గూడా ఏసినాడనుకో."

ఆనెకాయ పక్కనున్న పుండు చుట్టూ బరువు పడకుండా మందపాటి మెత్తటి గుడ్డను గుండ్రంగా కత్తిరించి, మధ్యలో చిల్లి పెట్టి అంటించింది. పైన కట్టు కట్టింది. అయిపోగానే వీరాసామి లేచి నిలబడి, వంగి, ఆమె మోకాలిని రెండు చేతులతో తాకి, ఆ చేతులు కళ్ళకద్దుకున్నాడు.

"తాతగారూ, దయచేసి అలా చేయవద్దని చెప్పాను కదా."

"ఆడబిడ్డ ఒళ్ళో కాలు పెట్టి ఊరికే లేసిపోతారా ఎవురైనా? పాపం గదా. నీ పని నువ్వు జెయ్యి, నా పని నేను జేసుకుంటా."

మొదట్లో అతనొక్కడే చేసేవాడు. అతన్ని చూసి అమ్మాయమ్మ, ఆమెను చూసి అయ్యనార్, ఇప్పుడు బెంచీ మీదున్నవాళ్ళంతా. గదిలోంచి బయటికి పోవడమంటే దేవినా మోకాలు తాకి కళ్ళకద్దుకుని పోవడమే అయింది. ఆమె పీట ఖాళీగా ఉండి, ఆమె మూల ఏ కుండీయో కడుగుతూ ఉన్నా సరే, వెతుక్కుంటూ వెళ్ళి ఆ మొక్కు తీర్చుకునేవాళ్ళు.

తరవాత వచ్చిన అయ్యనార్ చిటికెనవేలు చూసి దేవినా చెయ్యి ఆగిపోయింది. వేలి పక్కన సన్నటి ఊదారంగు గీత. నొక్కితే తెల్లబడలేదు. లేచి పక్కగది తలుపు కొట్టింది.

డాక్టర్ బాలసుబ్రమణ్యం వచ్చాడు. ఎప్పుడు పిలిచినా వచ్చేవాడు, ఆ మాట చెప్పుకోవాలి. కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని వేలిని చూసి, చీలమండ దగ్గర నాడి పట్టి చూసి, మందు మార్చి రాశాడు. "రెండు దినాలు ఆలస్యమై ఉంటే వేలు పోయుండును. మంచి పని జేస్తివమ్మా," అని మెల్లగా అన్నాడు. వెళ్ళబోతుంటే దేవినా గుమ్మం దాకా వెంట వెళ్ళింది.

"సార్, శుక్రవారం ఆఖరి రోజు."

"తెలుసు."

నర్సుల కౌన్సిల్ వాళ్ళు ఆమె విదేశీ చదువును ఒప్పుకోవడానికి ఒకటే షరతు పెట్టారు. ఇక్కడి డాక్టరొకరి పర్యవేక్షణలో ఆరు నెలలు పనిచెయ్యాలి, చేసిందని ఆ డాక్టరు సంతకం పెట్టి ఇవ్వాలి. అందుకు అనుమతి ఇస్తూ వాళ్ళు పంపిన కాగితం బాలసుబ్రమణ్యం బల్ల మీద ఇత్తడి బరువు కింద అందరికీ కనబడేలా పడి ఉంది. శుక్రవారంలోపు సంతకం అందకపోతే ఆ అనుమతి రద్దు. మళ్ళీ మారిషస్ నుంచి మొదలు పెట్టాలి.

"నీకు తెల్దా చెప్పు?" అన్నాడు డాక్టరు, గొంతు తగ్గించి. "ఆ లెటరు వచ్చిన దినమే నేను ఒప్పుకుంటున్నానని జవాబు రాసుండాల. రాయలేదు. ఇప్పుడు నా కింద నర్సు పని జేసిందని రాస్తే, జవాబు రాయకుండానే బ్లేడెట్లా ఇస్తివని నన్ను పట్టుకుంటారు. హెల్పరుగా జేసిందని రాస్తే నీకు పనికిరాదు. నువ్వే చెప్పు, ఏం రాయాల?"

"ఆ రోజే ఎందుకు రాయలేదు సార్?"

డాక్టరు కళ్ళద్దాలు కిందికి దించుకున్నాడు. "ఆ రోజు నువ్వెవురో నాకు తెల్దు గదమ్మా."

పుదుచ్చేరిలో ఆమె ఎక్కిన ప్రతి ఆసుపత్రి మెట్టు మీదా అదే మాట ఇంకో రూపంలో వినబడింది. ఇక్కడ ఎక్కడైనా పనిచేశారా? లేదా? అయితే పనిచేశాక రండి.

బుధవారం సాయంత్రం బెంచీ ఖాళీ కాకముందే బాలసుబ్రమణ్యం పాదాల గదిలోకి వచ్చి తలుపు దగ్గరికి వేశాడు. ముఖంలో నెత్తురు లేదు.

"రేపు పొద్దున ఇన్‌స్పెక్షన్. క్లినిక్ లైసెన్సు రెన్యువల్‌కి. హెల్త్ ఆఫీసరు కొత్తాయన, యానాం నుంచి వచ్చినాడంట. డ్రెస్సింగు ఎవురు చేస్తారో కూర్చుని చూస్తాడంట. ప్రీతికా, నువ్వే చెయ్యాల."

"నేనా?" ప్రీతిక చేతిలోని ట్రే గణగణమంది.

"నువ్వే. నీకు రిజిస్ట్రేషన్ ఉండాది. దేవినా, నువ్వు ఆ పక్కన బకెట్లు, తుడిచేది చూసుకో. పీట మీద కూర్చోవద్దు. బ్లేడు ముట్టుకోవద్దు."

దేవినా బ్లేడును డబ్బాలో పడేసి మూత నొక్కింది. "అలాగే సార్. మరి సంతకం?"

"రేపటి గండం గడవనీ. ఎల్లుండి పొద్దున చూస్తా."

"చూస్తారా, చేస్తారా?"

డాక్టరు ఆమె వంక చూశాడు. ఆ పిల్ల గొంతు ఎప్పుడూ అంత గట్టిగా వినలేదు. "రేపటి గండం గడవనీ," అని మళ్ళీ అని, బయట బెంచీ దగ్గరికి పోయాడు. రోజూ కట్టు మార్చుకునేవాళ్ళు నలుగురున్నారు. "రేపు ఎవురైనా అడిగితే, కట్టు కట్టేది ప్రీతిక అని చెప్పాల. వేరే మాట నోట్లో నుంచి రాకూడదు. ఈ గది మూస్తే మీకే కష్టం."

"సార్!" వీరాసామి రొమ్ము విరుచుకున్నాడు. "నా నోట్లోంచి మాట తీసే మొగోడు పుట్టలేదు. మిల్లు సమ్మెలో పోలీసోళ్ళు పొద్దుగూకులూ కూచోబెట్టి అడిగినారు. నా పేరు గూడా చెప్పలేదు."

"పేరు వాళ్ళకు ముందే తెలిసుంటాదిలే," అంది అమ్మాయమ్మ.

"నువ్వు సుమ్మా ఉండు. మన పాప సంగతి ఇది. నాలుక కోసుకుంటాను గాని చెప్తానా?"

అందరూ వెళ్ళాక దేవినా తన మోకాలి మీద ప్రీతిక చెయ్యి పెట్టించి, బ్లేడు ఏటవాలు ఎంత ఉండాలో ఖాళీ చేతులతో చూపించింది. "వీరాసామి తాతగారికి పుండు అంచు ముట్టుకోకు. గుడ్డ మార్చి కట్టు కట్టు, చాలు. స్టాండు మీదే చెయ్యి. నీకు అలవాటైంది అదే."

"అక్కా, ఆయన నన్నడిగితే?"

"నువ్వు కట్టిన కట్టు గురించే చెప్పు. అది అబద్ధం కాదు."

"మరి నువ్వు?"

దేవినా తువ్వాలు మడతపెట్టి పీట మీద పెట్టింది. తరవాత తీసి అలమరలో దాచింది.

దేవినా కోసపాళయంలో ఇంటికి చేరేసరికి పెరటి వాకిట్లో నీళ్ళ బకెట్ సిద్ధంగా ఉంది. అత్త చిన్నపొన్ను రోజూ పెట్టేదే. ఊరివాళ్ళ కాళ్ళు పట్టుకుని వచ్చిన ఒంటితో వంటింట్లోకి రాకూడదని ఆవిడ పట్టు.

"మూడేండ్లు సదివి, పరదేశం పోయి మళ్ళీ సదివి, చేసేది కాళ్ళు కడిగే పని," అంది చిన్నపొన్ను లోపల్నుంచి. మాటలో కోపం కంటే అలుపు ఎక్కువగా ఉంది. అన్నం గిన్నె దించి అటు నడుస్తుంటే కుడికాలు నేలకు పూర్తిగా ఆనడం లేదు. చీరకుచ్చెళ్ళు కిందికి లాక్కుంటూ నడుస్తోంది.

"అత్తయ్యా, మీ కాలు ఒకసారి చూడనివ్వండి."

"నీకు దండం పెడతా, నా కాళ్ళ జోలికి రావద్దు. కోడలి ఒళ్ళో కాలు పెట్టినానంటే వీధిలో తలెత్తుకోగలనా?"

భర్త సుధాకరన్ రాత్రి డ్యూటీకి తయారవుతున్నాడు. బీచి రోడ్డులో ఓ హోటల్లో వంట. మారిషస్ హోటల్లో ఉల్లిపాయలు కోస్తూ వేలు తెగ్గోసుకుంటే కట్టు కట్టింది దేవినాయే. ఇన్‌స్పెక్షన్ మాట విని అతను చొక్కా గుండీ దగ్గర ఆగాడు.

"ఒక్క పూటే గదా. తలొంచుకుని ఉండు. ఎల్లుండి సంతకం పెడతాడు."

"పెట్టకపోతే?"

"పెడతాడు."

"ఒక్క పూట హెల్పరునని చెబితే, ఆ మాటే కాగితం మీదికి ఎక్కుతుంది. తరవాత నేను నర్సు పని చేశానని ఎవరు రాసినా ఎవరూ నమ్మరు. నా నోటితో నేనే నన్ను తీసేసుకున్నట్టు."

"చెప్పకపోతే గది మూస్తారు. అప్పుడూ సంతకం లేదు." సుధాకరన్ ఆమె పక్కన కూర్చున్నాడు. "యాడికి పోయినా గోడే."

గురువారం పొద్దున హెల్త్ ఆఫీసరు రామభద్రరావు వచ్చాడు. సన్నటి మనిషి. మాట మెత్తగా, చూపు మాత్రం నిలకడగా ఉంది. మందుల అలమర చూశాడు, ఫ్రిజ్ చల్లదనం చూశాడు, చెత్తబుట్టల రంగులు చూశాడు. తరవాత పాదాల గదిలోకి వచ్చి గోడవారగా నిలబడ్డాడు.

"కానివ్వండమ్మా. నేనున్నానని కంగారు పడకండి."

దేవినా మూల నేల తుడుస్తోంది. తల వంచే ఉంది. తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తున్నానని ఆమెకు తెలుస్తూనే ఉంది.

"ఈ పీటెందుకండీ?" అన్నాడు రామభద్రరావు.

బాలసుబ్రమణ్యం గొంతు సవరించుకున్నాడు. "బకెట్ పెట్టుకునేదానికి సార్."

రామభద్రరావు పీట వంక చూశాడు. మనుషులు కూర్చుని కూర్చుని మధ్యలో నునుపు తేలిన పీట అది.

"మూడో టోకెన్," అంది ప్రీతిక. గొంతు పీలగా వచ్చింది.

వీరాసామి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పెదాలు బిగించి, ముక్కుతోనే ఊపిరి తీస్తూ, పోలీసు ఠాణాలో కూర్చున్నవాడిలా నిటారుగా ఉన్నాడు. ప్రీతిక అతని కాలును ఇనుప స్టాండు మీద పెట్టించింది. పాత కట్టు విప్పింది. దూది ఒకసారి జారింది. దేవినా గుడ్డను పిడికిట్లో గట్టిగా పట్టుకుని, ఆ పిల్ల చేతి వైపే చూడకుండా ఉండలేకపోయింది. అంచు ముట్టుకోకు. అంచు ముట్టుకోకు. ప్రీతిక ముట్టుకోలేదు. గుండ్రటి గుడ్డ సరిగ్గానే కూర్చుంది. కట్టు కొంచెం వదులైంది గాని, ఊడిపోయేంత కాదు.

"పెద్దాయనా, రోజూ ఈ అమ్మాయేనా కట్టేది?" అన్నాడు రామభద్రరావు.

వీరాసామి తల నిలువుగా ఊపాడు. నోరు తెరవలేదు. తెరిస్తే ఏం దొర్లిపడుతుందోనని పళ్ళు బిగబట్టుకున్నాడు. బాలసుబ్రమణ్యం భుజాలు కొంచెం దిగాయి. గండం గడిచినట్టే ఉంది.

వీరాసామి లేచాడు. ప్రీతికను దాటాడు. తలుపు వైపు కాకుండా మూలకు నడిచాడు. తుడుపుగుడ్డ పట్టుకుని నేల మీద కూర్చుని ఉన్న దేవినా ముందు వంగి, ఆమె మోకాలిని రెండు చేతులతో తాకి, ఆ చేతులు కళ్ళకద్దుకున్నాడు.

అద్దుకున్నాక గాని తనేం చేశాడో అతనికి తెలియలేదు. చేతులు కళ్ళ మీదే ఉండిపోయాయి. తీస్తే డాక్టరు ముఖం చూడాలి.

(ఇక్కడ ఒక్క మాట. పథకం వేసిందని మొదట్లో నా కాలిని పొగిడాను కదా. పథకం లేదు, పాడూ లేదు. రాత్రంతా నాలుకకు కాపలా కాశాను. చేతులకూ నడుముకూ చెప్పడం మరిచాను. మిగతా వీధికంతా ఈనాటికీ పథకమనే చెబుతున్నాను.)

"పెద్దాయనా, ఆగండి," అన్నాడు రామభద్రరావు.

"పాతకాలం మనుషులు సార్," బాలసుబ్రమణ్యం ముందుకొచ్చాడు. "అందరికీ దండాలు పెడతా ఉంటారు."

"మాదీ పాతకాలం ఇల్లేనండీ. దండానికీ దీనికీ తేడా నాకు తెలుసు. కాలు తగిలితేనే గాని కళ్ళకద్దుకోరు." ఆయన స్టాండు వైపు చూపించాడు. "ఈయన కాలు ఇనుముకు తగిలింది. ఈ అమ్మాయికి తగల్లేదు. మరి నేల తుడిచే ఆవిడ మోకాలికెందుకు?"

గుమ్మం దగ్గర అమ్మాయమ్మ తన టోకెన్ను రెండు చేతులతో పట్టుకుని బిక్కచచ్చి నిలబడింది. ప్రీతిక కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

రామభద్రరావు పీటను కాలితో కొంచెం ముందుకు లాగాడు. "ఈ పీట మీద కూర్చునేది ఎవరండీ?"

బాలసుబ్రమణ్యం దేవినాను చూశాడు. ఆ చూపులో ఆజ్ఞ లేదు, అడగడం ఉంది. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. ఆజ్ఞ అయితే ధిక్కరించడం తేలిక. ఒక్క మాట చాలు: నేను తుడిచేదాన్నండి, తాతగారు ఎవరికైనా మొక్కుతారు. గది నిలుస్తుంది. రేపు పొద్దున సంతకం చూడబడుతుంది.

ఆమె తుడుపుగుడ్డను బకెట్ అంచు మీద వేసి లేచింది. చేతులు కోటుకు తుడుచుకుంది.

"నేను కూర్చుంటాను. ఈ గదిలో పాదాలు చూసేది నేనే. ప్రీతిక నా దగ్గర నేర్చుకుంటోంది."

"మీరు నర్సా?"

"మా దేశంలో నర్సును. ఇక్కడ ఏమిటో ఇంకా నిర్ణయించలేదు."

రామభద్రరావు పెదవి కొసన ఏదో కదిలి ఆగింది. "అనుమతి లేకుండా బ్లేడు పట్టారంటే ఈ గది ఇవాళే మూయించాలండీ. మీ మీదా కేసవుతుంది."

"అనుమతి ఉంది. డాక్టరు గారి బల్ల మీద."

ముగ్గురూ పక్కగదిలోకి వెళ్ళారు. ఇత్తడి బరువు కింద నుంచి బాలసుబ్రమణ్యం కాగితం తీసి ఇచ్చాడు. బరువు ఉన్నంత మేర తెల్లగా, మిగతాది ఎండకు పసుపుగా ఉంది. రామభద్రరావు నిలబడే చదివాడు.

"ఈ కాగితం ప్రకారం ఈవిడ మీ పర్యవేక్షణలో పనిచేసే ట్రైనీ. మీరు జవాబు రాయలేదు. ఎందుకు రాయలేదండీ?"

"భయపడితిని సార్," అన్నాడు బాలసుబ్రమణ్యం. వేరే ఏదో చెప్పబోతే, నోట అదే వచ్చింది. "బయటి సదువు. రేపు ఏదైనా అయితే నా తలకే గదా."

"ఏదైనా అయిందా?"

"లేదు."

"సరే. నేను రాయగలిగినవి రెండే. మీ పర్యవేక్షణలో లేదంటే, అనామకురాలెవరో మీ క్లినిక్కులో రోగుల కాళ్ళు కోసింది. గది మూత. ఉందంటే, ట్రైనీ తన పని తను చేసింది, మీ జవాబు ఆలస్యమైంది. ఆలస్యానికి సంజాయిషీ అడుగుతారు, గది మూయరు. ఏది నిజమో ఈవిడే చెప్పాలి." ఆయన దేవినా వైపు తిరిగాడు. "అమ్మా, ఈయన చూసేవారా?"

బాలసుబ్రమణ్యం బల్ల అంచు పట్టుకున్నాడు. ఇన్నాళ్ళూ ఆమె కాగితం అతని చేతిలో ఉంది. ఇప్పుడు అతని గది ఆమె నాలుక మీద ఉంది. 'ఆ రోజు నువ్వెవురో నాకు తెల్దు' అన్న మాట దేవినాకు గుర్తొచ్చింది. చెప్పాలనుకుంటే చెప్పడానికి చాలా ఉంది.

"ఎప్పుడు తలుపు కొట్టినా వచ్చేవారు," అంది. "మొన్న మంగళవారం అయ్యనార్ గారి వేలు దక్కింది ఆయన మందు వల్ల. అన్నీ చూసేవారు. రాయడమొక్కటే చేయలేదు."

బాలసుబ్రమణ్యం కుర్చీలో కూర్చుని, కౌన్సిల్ ఫారం ముందుకు లాక్కుని కలం మూత తీశాడు. ఇన్ని నెలలూ ఏ భయం అతని చెయ్యి పట్టుకుందో అదే భయం ఇప్పుడు ముందుకు తోస్తోంది. అయినా సంతకం పెట్టేముందు ఆగి, తల ఎత్తకుండా అన్నాడు:

"పని ఎట్లా జేసిందని గూడా ఒక గడి ఉండాది సార్. అందులో ఏం రాయాల?"

"మీరే చూశారుగా," అన్నాడు రామభద్రరావు.

డాక్టరు చాలాసేపు రాశాడు.

బయటికొచ్చేసరికి వీరాసామి ఇంకా బెంచీ చివర కూర్చునే ఉన్నాడు, తల వంచుకుని. దేవినా అతని ముందు ఆగింది.

"పాపా, నా చేతులు ఇరగ్గొట్టు," అన్నాడు. "ఒక్క మాటైనా అన్లేదు పాపా, ఒట్టు."

"మీ కట్టు వదులుగా ఉంది తాతగారూ. దయచేసి లోపలికి రండి."

ఆమె అలమరలోంచి తువ్వాలు తీసి పీట మీద కూర్చుంది.

శుక్రవారం పొద్దున బాలసుబ్రమణ్యం తన స్కూటరు మీదే ఆమెను కౌన్సిల్ ఆఫీసుకు తీసుకుపోయాడు. కిటికీ వెనక గుమాస్తా కాగితాలు తిప్పి తిప్పి, ముద్ర వేసి, ఇంకో మెట్టు ఉందన్నాడు. పై నెల ఒక మౌఖిక పరీక్ష. ఆ మెట్టు వరకూ ఆమె ట్రైనీ నర్సు, తెల్లకోటు వేసుకోవచ్చు. సంజాయిషీ నోటీసు డాక్టరుకు అదే కిటికీలో ఇచ్చారు. దాన్ని మడిచి జేబులో పెట్టుకుంటూ, "దీనికేం రాయాలో నువ్వే చెప్పాల," అన్నాడు. "నీ తెలుగులో రాస్తే చదివేవాడికి భయం పుడుతుంది."

సాయంత్రం దేవినా ఇంటికి వెళ్ళింది. చిన్నపొన్ను వసారాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. కోడలు రాగానే చీరకుచ్చెళ్ళు పైకి లాగి, కుడికాలు చాపి, మాట్లాడకుండా ఆమె ఒళ్ళో పెట్టింది. అరికాలి మీద రూపాయి బిళ్ళంత ఆనెకాయ. దేవినా దాన్ని చెక్కి, మెత్తటి గుడ్డ అంటించింది. అయిపోయాక చిన్నపొన్ను వంగి కోడలి మోకాలు తాకి కళ్ళకద్దుకుంది.

ఎంత బాగుంది! నాకే కళ్ళలో నీళ్ళొచ్చాయి. కానీ ఒక్క ముక్క కల్పించనని మొదట్లో మాటిచ్చాను గనుక ఒప్పుకోవాలి: ఈ ఆఖరిది నేను కల్పించిందే. ఆవిడ కాలు చాపలేదు, కుచ్చెళ్ళు బెత్తెడు కూడా పైకి లాగలేదు. ఆ సాయంత్రం జరిగింది ఇంతే. దేవినా పెరటి వాకిలికి వెళితే అక్కడ బకెట్ లేదు. ఎక్కడుందోనని చూస్తే, బోర్లించి బావి గట్టు మీద ఆరబెట్టి ఉంది. వంటింటి తలుపు తెరిచి ఉంది. లోపలికి అడుగుపెడితే అత్త పొయ్యి వంకే చూస్తూ అడిగింది:

"ఆనెకాయకు పెడతావంట గదా, ఆ మెత్త గుడ్డ. ఒక తునక మిగిలుంటే ఇంట్లో పెట్టు."

"ఎవరికి అత్తయ్యా?"

"ఎవురికో. ఇంట్లో ఉంటే మంచిది గదా."

"కొలత లేకుండా కత్తిరించలేను."

చిన్నపొన్ను గరిటె తిప్పింది. కుడికాలు నేలకు ఆనించకుండానే నిలబడి ఉంది.

"కొలత రేపు చూద్దాంలే," అంది. "ముందు అన్నం తిను."